విండో ప్రోగ్రాములలో సందేశముల వరుసయు నేపథ్యపు థ్రెడ్లును
(సంఘ వార్షికోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)

ఇది కార్యాలయములలో పనిచేయువారి సభ. కంప్యూటరు తెర ముందు కూర్చుండని ఉద్యోగి నేడు అరుదు. ఆ తెర ఒక్కొక్కప్పుడు ఏల మ్రాన్పడిపోవునో, దానిని మ్రాన్పడకుండ నిలుపు విద్య యెట్టిదో వివరించుటయే యీ ప్రసంగోద్దేశము. ప్రోగ్రాములు వ్రాయువారికి ఇది వృత్తి ధర్మము. వ్రాయనివారికి ఇది దినదినము పడు ఇక్కట్టునకు కారణ వివరణము.

ఒక కార్యాలయమును ఊహింపుడు. బల్లకు ఈవల ఒక వృద్ధుడు పింఛను కాగితములతో నిలిచియున్నాడు. ఆవల కూర్చున్న గుమాస్తా ఆయన వివరములన్నియు తెరపై నింపి, పాత లెక్కలు వెదకుటకై ఒక బటను నొక్కినాడు. తెర కదలదు. మౌసు గుర్తు గుండ్రముగా తిరుగుచున్నది. మరల నొక్కినాడు, ఇంకొకసారి నొక్కినాడు. కొన్ని క్షణములకు తెర వెలవెలబోయి, పైభాగమున "స్పందించుట లేదు" అను మాట కనబడినది. గుమాస్తా విసిగి ప్రోగ్రామును మూసివేసినాడు. నింపిన వివరములన్నియు పోయినవి. "సిస్టము పనిచేయుట లేదండి, రేపు రండి" అని వృద్ధునితో చెప్పినాడు.

నిజమునకు సిస్టము పనిచేయుచునే యున్నది. పాత లెక్కలను అది శ్రద్ధగా వెదకుచునే యున్నది. మరి కొంతసేపటికి ఫలితమును ఇచ్చియుండెడిది. లోపము యంత్రము వేగములో లేదు. ఏ పనిని ఎవరికి అప్పగింపవలెనో ఎరుగని యేర్పాటులో ఉన్నది. గుమాస్తా తప్పు చేయలేదు. వృద్ధుడు తప్పు చేయలేదు. తప్పు, వారిరువురిని ఎన్నడును చూడని ప్రోగ్రాము రచయితది.

ఈ మాట అర్థమగుటకు విండో ప్రోగ్రాము నడచు తీరు తెలియవలెను. పూర్వపు ప్రోగ్రాములలో అధికారము ప్రోగ్రామునదే. "పేరేమి?" అని అది అడుగును, మనుష్యుడు చెప్పును. "వయస్సెంత?" అని అడుగును, చెప్పును. ప్రశ్నల క్రమము ముందే నిర్ణయమైనది. 1984 జనవరిలో మెకింటాష్ యంత్రమును, 1985 నవంబరులో విండోస్ మొదటి రూపమును బజారునకు వచ్చిన పిమ్మట ఈ సంబంధము తలక్రిందులైనది. తెరపై పది గళ్లు, ఐదు బటన్లు ఉండును. మనుష్యుడు దేనిని ముందు తాకునో ప్రోగ్రామునకు తెలియదు. కావున అది అడుగుట మాని, ఎదురుచూచుట నేర్చుకొనవలసి వచ్చినది.

ఎదురుచూచుటకు ఒక స్థానము కావలెను. ఆ స్థానమే మెసేజ్ క్యూ, అనగా సందేశముల వరుస. కార్యాలయ ఉద్యోగులకు దీనిని వివరించుట కష్టము కాదు. ప్రతి సెక్షనులోను ఇది కలదు. ఉదయము వచ్చిన తపాలు ఇన్‌వార్డు రిజిస్టరులో వరుసగా నమోదగును. అధికారి బల్లపై ఫైళ్లు ఒకదానిపై నొకటి చేరును. ఆయన ఒక ఫైలును తీసి, చూచి, సంతకము చేసి, పంపి, తరువాతి దానిని తీయును. ఒకేసారి రెండు ఫైళ్లు చూడడు. ఫైళ్లు లేనప్పుడు ఊరక కూర్చుండును. అట్లు ఊరక కూర్చుండుట సోమరితనము కాదు. పిలిచినచో పలుకుటకు సిద్ధముగా నుండుటయే ఆయన ఉద్యోగము.

విండోస్ ప్రోగ్రాము సరిగా నిట్లే నడచును. మీటను నొక్కిన ఒక సందేశము. మౌసు కదలిన నొక సందేశము. కాలము గడచిన నొక సందేశము. ప్రతి సందేశములోను అది ఏ విండోకు చెందినదో, దాని సంఖ్య యేమో, దానికి తోడైన రెండు విలువలేవో, అది పుట్టిన సమయమెప్పుడో, అప్పుడు మౌసు ఎచ్చట నున్నదో వ్రాయబడి యుండును. ప్రోగ్రాములోని చిన్న ఆవృత్తి యొకటి గెట్‌మెసేజ్ అను పిలుపుతో ఒక్కొక్క సందేశమును తీయును. డిస్పాచ్‌మెసేజ్ అను పిలుపుతో దానిని సంబంధించిన విండో ప్రొసీజరునకు అందజేయును. ఆ ప్రొసీజరు పని ముగించి తిరిగి వచ్చువరకు తరువాతి సందేశము కదలదు. ఈ ఆవృత్తిని నాలుగైదు పంక్తులలో వ్రాయవచ్చును. తెరపై కనబడు ప్రాణమంతయు ఆ నాలుగైదు పంక్తులలోనే యున్నది.

వరుసకు గల విలువ తెలుగు వ్రాయువారికి మిగుల తేటగా తెలియగలదు. "ఆస్తి" అను మాటను చూడుడు. కంటికి రెండే అక్షరములు. యూనికోడ్ లెక్కలో అవి ఐదు సంకేతములు: ఆకారము, సకారము, పొల్లు, తకారము, గుడి. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో వ్రాయునప్పుడు ఈ ఐదును ఐదు మీటల దెబ్బలుగా వచ్చును. అవి వచ్చిన క్రమమున తీయబడినప్పుడే సకారము క్రింద తకారము ఒత్తుగా కూర్చుండును. క్రమము తప్పినచో మాట చెదరిపోవును. ముందు వచ్చినది ముందు అను నియమము లేనిదే తెలుగున ఒక్క ఒత్తక్షరము కూడ నిలువదు.

అయినను సందేశములన్నియు సమానములు కావు. ఒక థ్రెడ్ మరియొక థ్రెడ్ విండోకు నేరుగా పంపి జవాబునకై నిలిచియున్న సందేశములు మొదట చూడబడును. పిమ్మట వరుసలో వేయబడినవి. పిమ్మట మీటలు, మౌసు పుట్టించునవి. తెరను మరల చిత్రింపుమను పెయింట్ సందేశము వీటి తరువాతనే వచ్చును. టైమరు సందేశము అన్నిటికిని కడపట వచ్చును. ఇందొక వివేకము కలదు. తెరలో పది చోట్ల మార్పు జరిగినచో పదిసార్లు చిత్రించుట వృథా. పాడైన భాగములన్నియు కూడి ఒక్కటియై, తక్కిన పని తీరిన పిమ్మట ఒక్కసారి చిత్రింపబడును. టైమరు గడియారము వలె ఖచ్చితముగా మ్రోగదను సంగతి కూడ దీనినుండియే తెలియుచున్నది. దానిని నమ్మి కాలమును లెక్కించువాడు మోసపోవును. గడచిన కాలమును గడియారమును అడిగియే తెలిసికొనవలెను.

సందేశము నందించుటకు రెండు మార్గములు కలవు. పోస్ట్‌మెసేజ్ అనునది కాగితమును తపాలు పెట్టెలో వేసి తన దారిని పోవుట వంటిది. సెండ్‌మెసేజ్ అనునది కాగితముతో అధికారి బల్ల యెదుట నిలిచి, ఆయన జవాబిచ్చువరకు కదలకుండుట వంటిది. జవాబు తప్పనిసరి యైనప్పుడు రెండవది కావలెను. కాని నిలిచినవాడు ఎంతసేపు నిలువవలెనో అవతలివాని చేతిలో నున్నది. ఈ భేదమును చిన్నదని తలచినవారు తరువాత పెద్ద చిక్కులలో పడుదురు.

1992 నాటి విండోస్ 3.1 లో ఈ యేర్పాటు మరింత సున్నితము. యంత్రములో నడచు ప్రోగ్రాములన్నిటికిని మీటల, మౌసుల సందేశములు ఒక్కటే వరుస గుండ వచ్చెడివి. ఒక ప్రోగ్రాము తన పనిని తాను ముగించి తొలగిననే గాని మరియొక దానికి అవకాశము లేదు. ఒక్కడు బల్లను పట్టుకొని కూర్చున్నచో ఊరంతయు నిలిచియుండెడిది. 1993 లో వచ్చిన విండోస్ ఎన్‌టీ తోను, 1995 లో వచ్చిన విండోస్ 95 తోను ప్రతి థ్రెడ్‌కును తన వరుస తనకు ఏర్పడినది. నాటినుండి ఒక ప్రోగ్రాము మ్రాన్పడినను తక్కినవి బ్రదుకుచున్నవి. కాని మ్రాన్పడిన దాని గతి మాత్రము మారలేదు.

ఇప్పుడు పింఛను బల్లను మరల చూడుడు. బటను నొక్కగానే ఒక సందేశము పుట్టినది. ప్రొసీజరు దానిని తీసికొని, పాత లెక్కలు వెదకు పనిని తానే ఆరంభించినది. ఆ పనికి ముప్పది సెకనులు పట్టునని యనుకొనుడు. ఆ ముప్పది సెకనులును అధికారి ఫైళ్లు విడిచి స్వయముగా రికార్డు గదికి పోయి దుమ్ము దులుపుచున్నట్లే. బల్లపై తపాలు పేరుకొనుచున్నది. తెరను చిత్రింపుమను విన్నపము అందులోనే యున్నది. ఆపుమను విన్నపము కూడ అందులోనే యున్నది. చూచువారు లేరు. ఐదు సెకనుల కాలము ఒక విండో తన సందేశములను తీయనిచో విండోస్ దానిని మ్రాన్పడినదిగా ఎంచి, దాని స్థానమున ఒక ఛాయా విండోను నిలుపును. ఆ వెలవెలబోయిన తెర అసలు విండో కాదు. దానిని జరుపవచ్చును, మూయవచ్చును. దానితో పని చేయించుకొనలేరు. ఆండ్రాయిడ్ ఫోనులలోను తాకిడికి ఐదు సెకనులలో బదులు రానిచో ఇట్టి హెచ్చరికయే వచ్చును.

మనుష్యుని ఓపిక ఐదు సెకనులకన్న చాల తక్కువ. రాబర్ట్ మిల్లరు 1968 లో ఈ విషయమును చర్చించినాడు. జాకబ్ నీల్సెన్ 1993 నాటి తన గ్రంథములో దానిని మూడు హద్దులుగా చెప్పినాడు. సెకనులో పదియవ వంతులో బదులు వచ్చినచో తన చేతితోనే పని జరిగినట్లు మనుష్యునికి తోచును. ఒక సెకను వరకు ఆలోచన తెగదు. పది సెకనులు దాటినచో మనస్సు వేరు పనిమీదికి పోవును. కావున ప్రతి సందేశమును సెకనులో పదియవ వంతుకు లోపల ముగింపవలెను. ముగింపలేని పనిని ఆ బల్లపై పెట్టరాదు.

పాతకాలపు రచయితలు దీనికొక ఉపాయము పన్నిరి. దీర్ఘమైన పని నడుమ నడుమ ఆగి, వరుసలోని సందేశములను తీసి చూచి, మరల పనిలోనికి పోవుట. ఇది తెరను బ్రదికించును గాని వేరొక అపాయమును తెచ్చును. గుమాస్తా మూడుసార్లు నొక్కిన సంగతి సభ్యులకు జ్ఞప్తి యుండును. మొదటి నొక్కుడు పని సగములో నుండగానే రెండవ నొక్కుడు తీయబడి, అదే పని లోపల మరల ఆరంభమగును. వెదకుటయైనచో కాలము మాత్రము వృథా. అది సొమ్ము చెల్లించుటయైనచో? ఒక్క పింఛను రెండుసార్లు చెల్లింపబడును. ఈ ఉపాయమును వాడువారు పని ఆరంభమైన క్షణముననే ఆ బటనును నొక్కుటకు వీలులేకుండ చేయవలెను. వెనుకకు పనిని పంపినప్పుడును ఈ జాగ్రత్త అవసరమే.

మేలైన మార్గము అధికారిని బల్ల వద్దనే ఉంచి, రికార్డు గదికి వేరొకరిని పంపుట. ఆ వేరొకరే నేపథ్యపు థ్రెడ్. థ్రెడ్ అనగా దారము. ఒక ప్రోగ్రాములో ఆజ్ఞలు ఒకదాని వెంట నొకటి నడచు దారి యది. ఒకే ప్రోగ్రాములో ఇట్టి దారులు పెక్కు ఉండవచ్చును. ప్రతి దానికి తన స్టాకు తనకు వేరుగా నుండును. ప్రోగ్రాము జ్ఞాపకమందలి తక్కిన సమాచారమంతయు అందరికిని ఉమ్మడి. ఈ ఉమ్మడితనమే వాటి బలము. వాటి బలహీనత కూడ అదియే. ఉమ్మడి కుటుంబమున పెరిగినవారికి ఈ మాటను విప్పి చెప్పనక్కరలేదు.

నేపథ్యపు థ్రెడ్‌కు మొదటి నియమము: అది తెరను ముట్టరాదు. విండోను ఏ థ్రెడ్ సృష్టించినదో ఆ విండో దానిదే; దాని సందేశములు ఆ థ్రెడ్ వరుసకే చేరును. వెనుక గదిలోనివాడు లెక్కలు దొరికినవని తెలుపదలచినచో, తానే ముందుకు వచ్చి అధికారి ఫైలులో వ్రాయరాదు. ఒక చీటి వ్రాసి తపాలు పెట్టెలో వేయవలెను. ప్రోగ్రాములు తమ స్వంత సందేశములకు వాడుకొనుటకై విండోస్ కొన్ని సంఖ్యలను ప్రత్యేకించి యుంచినది. అధికారి తన వరుసలో ఆ చీటి వచ్చినప్పుడు దానిని చూచి తెరపై వ్రాయును.

తెరను ఎవరైనను ముట్టుకొనునట్లు తాళములు పెట్టి నిర్మింపరాదా యని కొందరడుగుదురు. ప్రయత్నించినవారు కలరు. గ్రాహం హామిల్టన్ 2004 లో ఈ ప్రయత్నములను గూర్చి వ్రాయుచు, అవి యేల ఫలింపవో కారణము చూపినాడు. మీట నొక్కిన వార్త యంత్రమునుండి పుట్టి, తెర పనిముట్ల గుండ పైకి, ప్రోగ్రాము లోనికి పోవును. తెరను మార్పుమను ఆజ్ఞ ప్రోగ్రామునుండి పుట్టి, అవే పనిముట్ల గుండ క్రిందికి పోవును. ఇద్దరును అవే తాళములను ఎదురెదురు క్రమమున తీయుదురు. ఇరుకైన మెట్ల మీద ఎక్కువాడును దిగువాడును నడుమ తారసిల్లినట్లు, ఇరువురును నిలిచిపోవుదురు. ఈ హేతువు చేతనే విండోస్, మెకింటాష్, ఆండ్రాయిడ్, జావా స్వింగ్ మొదలైనవన్నియు తెర పని ఒక్క థ్రెడ్‌ది మాత్రమే యను నియమమునకు వచ్చి చేరినవి.

ఇట్లు ఇరువురును ఒకరికై ఒకరు నిలిచిపోవుటకు డెడ్‌లాకు అని పేరు. ఇది తాళములు లేకయే రావచ్చును. ముందరి థ్రెడ్ "వెనుకవాడు పని ముగించువరకు కదలను" అని నిరీక్షించుచున్నది. వెనుకవాడు తన ఫలితమును సెండ్‌మెసేజ్ ద్వారా తెచ్చి, "అధికారి జవాబిచ్చువరకు కదలను" అని నిలిచినాడు. అధికారి సందేశములు తీయుట మానినాడు గనుక ఆ జవాబు ఎన్నటికిని రాదు. ఇరువురును ధర్మముగానే నిలిచియున్నారు. పని మాత్రము శాశ్వతముగా నిలిచిపోయినది. మందు సులభము. వెనుకవాడు పోస్ట్‌మెసేజ్ వాడి తన దారిని పోవలెను. ముందరివాడు వెనుకవానికై ఎన్నడును నిరీక్షింపరాదు. పని ముగిసినదని తెలుపు చీటి వచ్చినప్పుడే తరువాతి పని చేయవలెను.

రెండవ గండము ఉమ్మడి సమాచారము. నిల్వ వంద రూపాయలని యనుకొనుడు. ఒక థ్రెడ్ దానిని చదివి యాబది కలుపబోవుచున్నది. అది వ్రాయకమునుపే మరియొక థ్రెడ్ అదే వందను చదివి ఇరువది కలిపినది. మొదటిది నూటయేబది అని వ్రాసెను. రెండవది దానిపై నూటయిరువది అని వ్రాసెను. నూటడెబ్బది కావలసిన చోట యేబది రూపాయలు మాయమైనవి. దొంగ లేడు, సాక్షి లేడు. మరునాడు మరల నడిపి చూచినచో లెక్క సరిగా వచ్చును. ఈ జాతి తప్పులు పరీక్షలో దాగి, రద్దీ దినమున బయటపడును. ఒకే సమయమున ఒక్కరే ప్రవేశించునట్లు చేయు సెమఫోరు అను సాధనమును ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1965 లో వ్రాసిన రచనలో వివరించినాడు. నేటి తాళములన్నియు ఆ వంశములోనివే.

ఇవి పండితుల కాలక్షేపములు కావు. 1985 మొదలు 1987 వరకు అమెరికా, కెనడా దేశములలో థెరాక్-25 అను కిరణ చికిత్సా యంత్రము ఆరుగురు రోగులకు మితిమీరిన కిరణములను ప్రసరింపజేసెను. వారిలో కొందరు మరణించిరి. టెక్సాసులోని టైలరు పట్టణమున 1986 లో జరిగిన ప్రమాదములలో కారణమిది: యంత్రమును నడపునామె పొరపాటున వ్రాసిన చికిత్సా విధమును వెంటనే దిద్దినది. అప్పుడు అయస్కాంతములను సరిచేయు పని సుమారు ఎనిమిది సెకనులు నడచుచుండెను. ఆ వ్యవధిలో చేసిన దిద్దుబాటును ప్రోగ్రాము గ్రహింపలేదు. తెరపై ఒకటి, లోపల మరియొకటి. పనిలో అలవాటుపడి చేతివేగము పెరిగినకొలది ప్రమాదము దగ్గరైనది. కొత్తవారి నెమ్మది చేతులు పరీక్షించినంతకాలము ఆ తప్పు బయటపడదు.

1997 జూలై 4వ తేదీన అంగారక గ్రహముపై దిగిన పాత్‌ఫైండరు నౌక మరియొక సాక్ష్యము. అది దిగిన కొలది దినములకే దానిలోని కంప్యూటరు తనంత తాను మరల మరల ఆరంభమగుచుండెను. వాతావరణ విశేషములను సేకరించు అల్ప ప్రాధాన్యపు పని యొకటి ఉమ్మడి మార్గపు తాళమును తీసికొనెను. అధిక ప్రాధాన్యపు పని యొకటి ఆ తాళమునకై వేచియుండెను. నడుమ ప్రాధాన్యపు పని వచ్చి అల్పుని త్రోసిపుచ్చుటచే, అల్పుడు తాళము విడువలేకపోయెను, అధికుడు కదలలేకపోయెను. కావలి గడియారము దీనిని చూచి యంత్రమును పునఃప్రారంభింపజేయుచుండెను. భూమిపైనున్న నకలు యంత్రములో ఇంజనీర్లు ఈ దోషమును పట్టుకొనిరి. తాళము పట్టుకొన్న అల్పునికి, వేచియున్న అధికుని ప్రాధాన్యము తాత్కాలికముగా సంక్రమించు నియమము ఆ వ్యవస్థలో ముందే యుండెను, దానిని అమలుపరచియుండలేదు. భూమినుండి మార్పును పంపి అమలుపరచిరి. నౌక బాగుపడెను.

ఈ కారణములచేతనే అనుభవజ్ఞులు ఉమ్మడి ఆస్తిని వీలైనంత తగ్గింతురు. వెనుకకు పనిని పంపునప్పుడు దానికి కావలసిన వివరముల నకలును చేతికిచ్చి పంపుదురు. ఫలితమును కూడ చీటిలోనే తెప్పించుకొందురు. ఒక కాగితము ఒక సమయమున ఒక్కరి చేతిలోనే యుండును. తాళములు తక్కువైనకొలది తాళపు చిక్కులును తక్కువ.

ఇంకను మూడు జాగ్రత్తలు కలవు. మొదటిది మితము. వెనుకవాడు లక్ష కాగితములు వెదకుచు ఒక్కొక్క కాగితమునకు ఒక్కొక్క చీటి పంపినచో నేమగును? వరుసలో వేయబడిన సందేశములు మీటలకన్న, పెయింటుకన్న ముందు చూడబడునని పైన చెప్పబడినది. అధికారికి ఆ చీటీలు చదువుటతోనే సరిపోవును. తెర మరల మ్రాన్పడును. వెనుకకు పంపియు ఫలము లేకపోవును. పైగా వరుసకు హద్దు కలదు. విండోస్ సాధారణముగా 10,000 సందేశములకు మించి నిలువ చేయదు. ఆ తరువాత వేయబోయిన చీటి నిరాకరింపబడును. నిరాకరణను గమనింపనివాడు ఫలితమును పోగొట్టుకొనును. కావున సెకనుకు పదిమార్లకు మించి వార్త పంపనక్కరలేదు. పంపిన చీటి చదువబడిన పిమ్మటనే మరియొకటి పంపుట మరింత మేలు.

రెండవది విరమణ. గుమాస్తా "చాలును, ఆపుము" అని కోరవచ్చును. వెనుకవానిని బలాత్కారముగా చంపు పిలుపు విండోస్‌లో కలదు, దానిని వాడరాదు. చచ్చినవాని చేతిలో తాళముండిపోవును. తరువాత వచ్చువారందరును ఆ తలుపు ముందు పడిగాపులు పడుదురు. "ఆగవలెను" అను గుర్తు నొకదానిని నిలిపి, వెనుకవాడు దానిని కొంత పనికొకసారి చూచుకొని, తాళములు విడిచి, కాగితములు సర్దుకొని తానే వచ్చునట్లు చేయవలెను.

మూడవది యెడబాటు. వెనుకవాడు తిరిగి వచ్చులోపల గుమాస్తా విండోను మూసివేసి యుండవచ్చును. అప్పుడు చీటి ఎవరికి చేరును? అట్టి చీటిని చించివేయు బాధ్యత ఎవరిదో ముందే నిశ్చయించుకొనవలెను. లేనిచో జ్ఞాపకమున చెత్త పేరుకొని, సాయంకాలమునకు యంత్రము బరువెక్కును.

నేటి భాషలు ఈ శ్రమను కొంత తగ్గించినవి. 2005 నాటి డాట్‌నెట్ రెండవ రూపములో బ్యాక్‌గ్రౌండ్‌వర్కర్ అను సాధనము వచ్చి, చీటీల రాకపోకలను తానే చూచుకొనెను. 2012 లో సీ షార్ప్ భాషలో అసింక్, అవెయిట్ అను మాటలు చేరినవి. వాటితో వ్రాసిన ప్రోగ్రాము చదువుటకు నేరుగా, ఒకదాని వెంట నొకటిగా కనబడును. "ఇచ్చట ఆగి ఫలితమును తీసికొనుము" అని వ్రాసినట్లుండును గాని, ముందరి థ్రెడ్ నిజముగా ఆగదు. మిగిలిన భాగము ఒక చీటిగా మారి, ఫలితము వచ్చినప్పుడు అదే సందేశముల వరుసలో చేరును. ఇది తెలియనివాడు ఆ ఫలితమునకై ముందరి థ్రెడ్‌ను బలవంతముగా నిలిపి, పైన చెప్పిన డెడ్‌లాకులోనే పడును. మాటలు క్రొత్తవి, చిక్కు పాతదే.

ఈ విద్య సారమంతయు రెండు మాటలలో చెప్పవచ్చును. ముందరి బల్ల ఎన్నడును ఖాళీ కారాదు. వెనుక గది ఎన్నడును ముందరి బల్లపై చేయి వేయరాదు. తక్కినవన్నియు ఈ రెండింటి విస్తరణములే.

ఇట్లు వ్రాయబడిన ప్రోగ్రాము ఆ పింఛను బల్లమీద నున్నదని భావింపుడు. గుమాస్తా బటనును నొక్కినాడు. ఆ బటను వెంటనే మసకబారి రెండవ నొక్కుడును వారించినది. "వెదకుచున్నది" అను మాటయు, సాగుచున్న గీతయు, "ఆపుము" అను బటనును కనబడినవి. లెక్కలు వెనుక గదిలో వెదకబడుచున్నవి. ఈలోగా గుమాస్తా వృద్ధుని చిరునామాను సరిచూచుకొని, ఒక అంకెను దిద్దినాడు. ముప్పది సెకనులు ముప్పది సెకనులే. యంత్రము వేగము ఒక్క రవ్వయు పెరుగలేదు. అయినను బల్లకు ఈవల నిలిచినవాడు "రేపు రండి" అను మాట వినకుండ, తన పని ముగించుకొని, ఎండ ముదరకముందే ఇల్లు చేరినాడు.

ప్రోగ్రాము వ్రాయువారికి ఆ వృద్ధుడు కనబడడు. ఆయన నిలిచియున్నాడని తలచి వ్రాయుటయే ఈ వృత్తిలోని మర్యాద. ఇంతటితో ఈ ప్రసంగము ముగియుచున్నది.